ఓడ మల్లన్నకి అనుభవం చాలదట!



పోయిన వారం సాయంత్రం ఒక అమ్మాయి ఫోన్ చేసింది. నేను కాంట్రాక్టు మీద పాఠాలు చెప్పే రోజుల్లో నా దగ్గర డిగ్రీ చదివింది. మాదిగవాడ నుంచి వచ్చిన పిల్ల. తర్వాత తెలుగులోనే ఎం.ఏ. చేసింది, పి.హెచ్.డి. చేసింది, నెట్ రాసి పాసయ్యింది. ఎస్సీ రిజర్వుడు అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకి ఇంటర్వ్యూకి వెళ్ళొచ్చి నెల రోజులైంది. ఆ రోజు ఫలితాల జాబితా పెట్టారు. మిగతా పోస్టులకి ఎదురుగా పేర్లున్నాయి. రిజర్వుడు పోస్టుకి ఎదురుగా మూడు అక్షరాలున్నాయి. ఎన్.ఎఫ్.ఎస్. నాట్ ఫౌండ్ సూటబుల్.

ఏడుస్తుందేమో అనుకున్నా. ఏడవలేదు. నవ్వుతూనే అడిగింది.

"సార్, నాట్ ఫౌండ్ సూటబుల్‌ని తెలుగులో ఏమంటారు సార్? నా థీసిస్‌లో ఎన్ని ఇంగ్లీషు మాటలకి తెలుగు మాట పెట్టించారు మీరు. దీనికి పెట్టండి."

నాకు నోరు పెగల్లేదు. "రేపు చెప్తానమ్మా" అన్నా.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కారంచేడు గుర్తు రావాలి, చుండూరు గుర్తు రావాలి, లేదా మన కవులెవరైనా గుర్తు రావాలి. నాకు గుర్తొచ్చింది ఒక ఫుట్‌బాల్ కోచ్. పేరు క్రిస్ హ్యూటన్. ఈసారి ఆయన కథ చెప్తాను.

మొదట మా హాస్టల్ టీవీ రూమ్ దగ్గరికి రండి. 2010 డిసెంబర్. ఉస్మానియా క్యాంపస్ తెలంగాణ ఉద్యమంతో ఉడుకుతున్న రోజులు. పగలంతా ర్యాలీలు, రాత్రి మెస్సులో భోజనం చేసి టీవీ ముందు కూర్చునేవాళ్ళం. వార్తలయ్యాక ఫుట్‌బాల్ పిచ్చోళ్ళు నలుగురైదుగురం మిగిలేవాళ్ళం. ఒక రోజు న్యూకాజిల్ టీము కోచ్‌ని తీసేశారన్న వార్త వచ్చింది. కారణం కూడా చెప్పారు: టీముని ముందుకు తీసుకెళ్ళడానికి ఇంకా ఎక్కువ అనుభవం ఉన్న మనిషి కావాలట. మా సీనియర్ ఒకాయన కుర్చీలోంచి లేచాడు.

"టీముని పైకి తెచ్చినోనికే అనుభవం లేదంటన్నరా? అరేయ్, వీడు మనోడేరా!"

అందరం నవ్వాం. కానీ "మనోడే" అన్న మాట అక్కడే ఉండిపోయింది. తర్వాత ఆ మనిషి గురించి చదువుతూ వచ్చా.

హ్యూటన్ 1958లో తూర్పు లండన్‌లో పుట్టాడు. నాన్నది ఘనా, అమ్మది ఐర్లండ్. కుర్రాడిగానే టాటెన్‌హామ్ క్లబ్బు గుర్తించింది. అయినా అతను వెంటనే పూర్తికాలం ఆటగాడు కాలేదు. లిఫ్టులు బిగించి బాగుచేసే పని నేర్చుకుంటున్నాడు. ఆ అప్రెంటిస్‌షిప్ పూర్తయ్యేదాకా పార్ట్ టైమ్ ఆటగాడిగానే ఉన్నాడు. మనకి అర్థమవుతుంది ఇది. ఆట నమ్ముకుంటే రేపు ఏమవుతుందో, చేతిలో ఒక పని ఉండాలి అని మన అమ్మానాన్నలు చెప్పే మాటే.

1979లో పూర్తికాలం ఆటగాడయ్యాడు. ఎడమ వైపు డిఫెన్స్ కాసే లెఫ్ట్ బ్యాక్. గోల్స్ కొట్టి పేపర్లకెక్కే స్థానం కాదది. టాటెన్‌హామ్‌తో 1981, 1982లో వరసగా ఎఫ్.ఎ. కప్, 1984లో యూఎఫా కప్ గెలిచాడు. ఐర్లండ్ జాతీయ జట్టుకి 53 మ్యాచ్‌లు ఆడాడు. ఆ జట్టు తరఫున ఆడిన మొదటి నల్ల మూలాలున్న ఆటగాడు అతనే. అవి ఇంగ్లండ్ స్టేడియాల్లో నల్ల ఆటగాళ్ళ మీదకి అరటిపండ్లు విసిరి, కోతి కూతలు కూసే రోజులు. ఆ రోజుల్లోనే ఈ లెఫ్ట్ బ్యాక్, బ్రిటన్‌లోని వర్కర్స్ రెవల్యూషనరీ పార్టీ పత్రిక న్యూస్ లైన్‌లో కాలమ్ రాసేవాడు. లిఫ్టు మెకానిక్కు, డిఫెండరు, ఎర్ర పత్రికలో కాలమిస్టు! ఆటగాళ్ళకి రాజకీయాలెందుకనే మన పెద్దమనుషులకి ఈ ముక్క వినిపించాలి.

మోకాలి గాయంతో 1993లో ఆట ముగిసింది. అదే ఏడాది కోచ్‌గా టాటెన్‌హామ్‌కే తిరిగొచ్చాడు. అక్కడి నుంచి 2007 దాకా, 14 ఏళ్ళు.

ఆ 14 ఏళ్ళ గురించి కొంచెం ఆగి చెప్పాలి. ఇంగ్లండ్‌లో హెడ్ కోచ్‌ని మేనేజర్ అంటారు. ఎవరు ఆడాలి, ఎట్లా ఆడాలి, ఓడితే ఎవరు జవాబు చెప్పాలి, అన్నీ అతనే. ఆర్డిలెస్, జెర్రీ ఫ్రాన్సిస్, క్రిస్టియన్ గ్రాస్, జార్జ్ గ్రాహం, గ్లెన్ హాడిల్, సాంటిని, మార్టిన్ యోల్... టాటెన్‌హామ్‌లో మేనేజర్లు వస్తున్నారు, పోతున్నారు. హ్యూటన్ అక్కడే ఉన్నాడు. కుర్రాళ్ళ జట్టు దగ్గర మొదలుపెట్టి పెద్ద జట్టు దాకా వచ్చాడు. కొత్తగా వచ్చిన ప్రతి మేనేజర్‌కీ పక్కన నిలబడ్డాడు. కుర్చీ ఖాళీ అవుతూనే ఉంది. అది పూర్తిగా అతనిది మాత్రం కాలేదు.

ఆ జాబితాలో హాడిల్ పేరు చూశారా? హ్యూటన్, హాడిల్ ఒకే డ్రెస్సింగ్ రూమ్‌లో బట్టలు మార్చుకున్నవాళ్ళు. ఆ కప్పులు కలిసే గెలిచారు. హాడిల్ 1996కల్లా ఇంగ్లండ్ జాతీయ జట్టుకే కోచ్ అయ్యాడు. 2001లో టాటెన్‌హామ్‌కి మేనేజర్‌గా వచ్చాడు. అప్పుడు హ్యూటన్ అతని కింద పనిచేశాడు. హాడిల్ ఆటగాడిగా చాలా పెద్దవాడు, కాదనను. కానీ కోచింగ్ వేరే విద్య. 14 ఏళ్ళు రోజూ పొద్దున్నే మైదానానికెళ్ళి ఆ విద్య నేర్పినవాడు రెండో కుర్చీలోనే ఉన్నాడన్నది కూడా నిజం.

2007 అక్టోబర్‌లో ఒక రాత్రి మ్యాచ్ జరుగుతుండగానే యోల్‌ని తీసేస్తున్నారని బయటికి పొక్కింది. యోల్‌తో పాటు హ్యూటన్ని కూడా పంపించేశారు.

తర్వాత న్యూకాజిల్. 2008లో అసిస్టెంట్‌గా చేరాడు. ఏడాదిన్నరలోపే ఆ క్లబ్బు మేనేజర్లని పెనం మీద అట్లలా తిరగేసింది. కీగన్ వెళ్ళాడు, కినియర్ వచ్చి జబ్బుపడ్డాడు, షియరర్ చివరి ఎనిమిది మ్యాచ్‌లకి వచ్చాడు. మధ్యలో ఖాళీ ఏర్పడినప్పుడల్లా "తాత్కాలికంగా చూడు" అని హ్యూటన్నే నిలబెట్టారు. ప్రీమియర్ లీగ్‌లో 20 టీములుంటాయి. ఏటా అడుగున మిగిలిన మూడు టీములు కింది డివిజన్‌లోకి పడిపోతాయి. 2009 మేలో న్యూకాజిల్ పడిపోయింది. యజమాని క్లబ్బుని అమ్మకానికి పెట్టాడు. పేరున్న ఆటగాళ్ళు కొందరు వెళ్ళిపోయారు. మునిగే పడవలోకి ఎక్కేవాడు లేడు. అప్పుడు ఇంకెవరు? హ్యూటన్.

తాత్కాలిక మేనేజర్‌గానే సీజన్ మొదలుపెట్టాడు. గెలుస్తూ పోయాక అక్టోబర్‌లో పోస్టు పర్మనెంట్ చేశారు. ఆ ఏడాది న్యూకాజిల్ 102 పాయింట్లతో మొదటి స్థానంలో నిలిచింది. సొంత మైదానంలో ఒక్క మ్యాచ్ ఓడలేదు. ఒక్క ఏడాదిలోనే పై డివిజన్‌కి తిరిగొచ్చింది. పైకొచ్చాక ఆస్టన్ విల్లా మీద 6-0, పక్కూరి ప్రత్యర్థి సండర్లాండ్ మీద 5-1, ఆర్సెనల్ మైదానంలో 1-0. పట్టికలో మధ్యలో ఉన్నారు. 2010 డిసెంబర్ 6న హ్యూటన్ని తీసేశారు. ఎక్కువ మేనేజర్ అనుభవం ఉన్నవాడు కావాలట.

మన ఊళ్ళో దీనికో సామెత ఉంది. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, ఏరు దాటాక బోడి మల్లన్న.

అతని స్థానంలో అలన్ పార్డ్యూని అయిదున్నరేళ్ళ కాంట్రాక్టు ఇచ్చి తెచ్చుకున్నారు. పార్డ్యూకి మేనేజర్‌గా అనుభవం ఉంది, నిజమే. రెడింగ్, వెస్ట్‌హామ్, చార్ల్‌టన్, సౌతాంప్టన్, నాలుగు క్లబ్బులు. వాటిలో చివరి మూడు చోట్లా పదవి పోగొట్టుకుని బయటికొచ్చినవాడే. అది తప్పని అనట్లేదు. మేనేజర్ల బతుకే అంత. నేను చూసేది ఒక్కటే. ఒకరికి పదవులు పోగొట్టుకోవడం కూడా అనుభవం కింద జమ అయింది. ఇంకొకరికి 14 ఏళ్ళ కోచింగూ, 102 పాయింట్లూ కూడా అనుభవం కిందకి రాలేదు.

నాకిక్కడ నా ఇంటర్వ్యూ గుర్తొస్తుంది. చెప్పకుండా దాటేద్దామనుకున్నా గానీ, ఆ అమ్మాయి ఫోన్ చేశాక దాటేయలేను. ఒక కాలేజీలో అయిదేళ్ళు కాంట్రాక్టు మీద పనిచేశా. మనుచరిత్ర చెప్పా, ఆముక్తమాల్యద చెప్పా, వ్యాకరణం చెప్పా. న్యాక్ టీము వస్తుందంటే రాత్రిళ్ళు కూర్చుని డిపార్ట్‌మెంట్ ఫైళ్ళన్నీ నేనే రాశా. గ్రేడ్ వచ్చిన రోజు అందరూ నా భుజం తట్టారు. తర్వాత రెగ్యులర్ పోస్టు పడింది. ఇంటర్వ్యూలో ఒక పెద్దాయన నా కాగితాలు తిరగేసి అడిగాడు. "దళిత సాహిత్యం మీద చేశారు కదా, మెయిన్ స్ట్రీమ్ లిటరేచర్ చెప్పగలరా?" అయిదేళ్ళుగా అదే చెప్తున్నానండీ అన్నా. ఆయన తలూపాడు. ఫలితం రాలేదు, పోస్టు ఖాళీగానే ఉంచారు. అభ్యర్థుల అనుభవం సరిపోలేదని తర్వాత తెలిసింది. ఆ సోమవారం అదే కాలేజీలో, అదే క్లాసులో, అదే ఆముక్తమాల్యద చెప్పడానికి నాకు మాత్రం అనుభవం సరిపోయింది. కాంట్రాక్టు జీతానికి.

మళ్ళీ హ్యూటన్ దగ్గరికి వద్దాం. న్యూకాజిల్ తర్వాత బర్మింగ్‌హామ్‌లో ఒక ఏడాది మంచి పని చేశాడు. 2012లో నార్విచ్‌కి వెళ్ళాడు. మొదటి సీజన్లో 11వ స్థానం. రెండో సీజన్లో జట్టు తడబడింది, గోల్స్ రాలేదు. 2014 ఏప్రిల్‌లో ఇంకా అయిదు మ్యాచ్‌లు మిగిలుండగా, పడిపోయే గీతకి 5 పాయింట్లు పైన ఉండగా, తీసేశారు. ఆ కుర్చీలో ఎవర్ని కూర్చోబెట్టారో తెలుసా? క్లబ్బులో కుర్రాళ్ళ జట్టుకి కోచ్‌గా ఉన్న నీల్ ఆడమ్స్‌ని. పెద్ద జట్టుకి మేనేజర్‌గా ఒక్క రోజు కూడా పనిచేయని మనిషి. తెల్లాయన. మిగిలిన అయిదు మ్యాచ్‌లలో నాలుగు ఓడి, ఒకటి డ్రా చేసుకుని నార్విచ్ కింది డివిజన్‌లోకి పడిపోయింది.

న్యూకాజిల్‌లో అనుభవం చాలదని తీసేశారు. నార్విచ్‌లో అసలు అనుభవమే లేనివాడికి అదే కుర్చీ ఇచ్చారు. ఇవి రెండు వేరు వేరు క్లబ్బులు, ఇద్దరు వేరు వేరు యజమానులు. కూడబలుక్కుని చేశారని నేను అనను. కూడబలుక్కోవాల్సిన అవసరం కూడా లేదు. "అనుభవం" అనే మాట కొలబద్ద కాదు, రబ్బరు. కావాల్సినవాడి కోసం సాగుతుంది, వద్దనుకున్నవాడి దగ్గర ముడుచుకుంటుంది.

తర్వాత బ్రైటన్. 2014 చివరి రోజున చేరాడు. అప్పుడా టీము రెండో డివిజన్లో అడుగున కొట్టుకుంటోంది. 2016లో 89 పాయింట్లు తెచ్చి, గోల్స్ తేడాలో నేరుగా పై డివిజన్‌కి వెళ్ళే అవకాశం పోగొట్టుకుంది. మర్నాడు మళ్ళీ మొదలుపెట్టారు. 2017 ఏప్రిల్‌లో పైకెళ్ళారు. 1983 తర్వాత, 34 ఏళ్ళకి! మొదటి ఏడాది 15వ స్థానం, రెండో ఏడాది 17వ స్థానం, ఎఫ్.ఎ. కప్ సెమీఫైనల్. రెండేళ్ళూ జట్టు పైనే నిలిచింది. 2019 మేలో సీజన్ ముగిసిన మర్నాడు పొద్దున తీసేశారు. మళ్ళీ ఏరు, మళ్ళీ మల్లన్న.

ఇక్కడ మీలో కొందరు అడుగుతారు. అడగాలి కూడా. ఫుట్‌బాల్‌లో అందర్నీ తీసేస్తారు కదా, దీన్ని వివక్ష అని ఎట్లా అంటావు? న్యాయమైన ప్రశ్న. నాకు వ్యతిరేకంగా ఉన్న సాక్ష్యం కూడా నేనే పెడతా. పార్డ్యూ న్యూకాజిల్‌ని 2012లో అయిదో స్థానానికి తీసుకెళ్ళాడు. బ్రైటన్ రెండో ఏడాది చివర్లో నిజంగానే చాలా పేలవంగా ఆడింది. నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌లో 2021 సీజన్ మొదటి ఏడు మ్యాచ్‌లకి హ్యూటన్ తెచ్చింది ఒక్క పాయింటు. తీసేశారు. ఆ సీజన్లోనే స్టీవ్ కూపర్ వచ్చి ఆ జట్టుని పై డివిజన్‌కి చేర్చాడు. ఇక చివరిది ఘనా. 2023 ఫిబ్రవరిలో నాన్న పుట్టిన దేశానికి హెడ్ కోచ్ అయ్యాడు. 2024 జనవరిలో ఐవరీ కోస్ట్‌లో జరిగిన ఆఫ్రికా కప్పులో ఘనా కేప్ వెర్దె చేతిలో ఓడింది, ఈజిప్టుతో డ్రా చేసుకుంది. మొజాంబిక్ మీద 2-0 ఆధిక్యంలో ఉండి, 90 నిమిషాలు దాటాక రెండు గోల్స్ ఇచ్చుకుంది. గ్రూపు దశలోనే ఇంటికి. మర్నాడే పదవి పోయింది. తీసేసింది నల్లవాళ్ళే, సొంత రక్తమే. ఆ రాత్రి స్టేడియంలో ఏ జాతివివక్షా లేదు. రెండు గోల్స్ ఉన్నాయి.

కాబట్టి ఒక్కొక్క ఉద్వాసననీ పట్టుకుని ఇది వివక్షా కాదా అని తేల్చబోతే మనం ఓడిపోతాం. ప్రతి దానికీ వాళ్ళ దగ్గర ఒక కారణం ఉంటుంది. కొన్ని నిజమైన కారణాలే. మనం చూడాల్సింది వరస. ప్రీమియర్ లీగ్ ఆటగాళ్ళలో పదిమందిలో నలుగురికి పైగా నల్లవాళ్ళు. మొత్తం ఇంగ్లండ్ ప్రొఫెషనల్ క్లబ్బుల మేనేజర్లలో నల్లవాళ్ళు నూటికి అయిదుగురు కూడా లేరు. ఆటగాళ్ళే రిటైరై కోచ్‌లవుతారు కదా? మరి దారిలో అంతమంది ఎక్కడ తప్పిపోయారు?

కొందరు ఎక్కడ తప్పిపోయారో చెప్తాను. జాన్ బార్న్స్, లివర్‌పూల్ తరఫున ఆడిన మహా ఆటగాడు. 1999లో స్కాట్లండ్‌లో సెల్టిక్‌కి కోచ్ అయ్యాడు. 2000 ఫిబ్రవరిలో ఒక చిన్న టీము చేతిలో కప్పు మ్యాచ్ ఓడగానే తీసేశారు. మళ్ళీ ఒక జట్టుకి కోచ్ కావడానికి ఎనిమిదేళ్ళు పట్టింది. అది కూడా తను పుట్టిన జమైకా పిలిస్తేనే. పాల్ ఇన్స్ 2008లో బ్లాక్‌బర్న్‌కి వచ్చాడు. ప్రీమియర్ లీగ్‌లో ఇంగ్లండ్‌కి చెందిన మొదటి నల్ల మేనేజర్. ఆరు నెలలు కూడా ఉంచలేదు. ప్రీమియర్ లీగ్‌లో మళ్ళీ కుర్చీ దొరకలేదు. ఈ లెక్కన అయిదు ఇంగ్లిష్ క్లబ్బులు చూసిన హ్యూటన్ అదృష్టవంతుడు! ఓడిపోయే హక్కు అందరికీ ఉంది. ఓడిపోయాక మళ్ళీ పిలుపు వచ్చే హక్కు కొందరికే ఉంది.

మనకిది కొత్త కాదు. 1911లో ఇంగ్లండ్ వెళ్ళిన భారత జట్టులో వందకి పైగా వికెట్లు తీసిన చమార్ బిడ్డ పల్వంకర్ బాలూకి, పూనాలో టీ పెవిలియన్ బయటే, వాడి పారేసే మట్టి ముంతలో. బౌలింగ్‌కి అతని చెయ్యి కావాలి. హిందూ జట్టుకి కెప్టెన్సీ మాత్రం ఆయనకి ఎన్నడూ ఇవ్వలేదు. ఆయన తమ్ముడు విఠల్ దాకా, 1923 దాకా ఆగాల్సి వచ్చింది. పాదాల నుంచి పుట్టారని మనకి చెప్పినవాళ్ళకి, పాదాలతో ఆడే ఆటలోనూ తల స్థానం ఎవరిదో బాగా తెలుసు.

యూనివర్సిటీల్లోనూ ఇంతే. రోస్టర్ కోసం మనం రోడ్డెక్కాం. 2018 మార్చిలో యూజీసీ ఇచ్చిన ఉత్తర్వు రిజర్వుడు పోస్టుల్ని మింగేస్తుంటే కొట్లాడి, 2019లో చట్టం తెచ్చుకున్నాం. పోస్టు కాగితం మీదికి వచ్చింది. ఇప్పుడు కాగితం మీద పోస్టుంది, ఎదురుగా ఎన్.ఎఫ్.ఎస్. ఉంది. చట్టం గేటు దాకా తీసుకొచ్చింది. ఇంటర్వ్యూ గది తలుపు లోపలి గడియ ఇంకా వాళ్ళ చేతిలోనే ఉంది. అందుకే ఒక్కో అభ్యర్థి అన్యాయంగా విడివిడిగా ఏడవొద్దు. ఏ యూనివర్సిటీ, ఏ డిపార్ట్‌మెంట్, ఎన్ని రిజర్వుడు పోస్టులు, ఎన్నింటికి ఎన్.ఎఫ్.ఎస్., ఇంటర్వ్యూకి పిలిచిన వాళ్ళ అర్హతలేమిటి? ఆర్టీఐ వెయ్యండి. పట్టికలు కట్టండి. ఒక్క పేరుకి వాళ్ళు కారణం చెప్పగలరు. పట్టికకి చెప్పడం కష్టం.

మర్నాడు ఆ అమ్మాయికి ఫోన్ చేశా.

"దొరికిందా సార్ మాట?"

"దొరికిందమ్మా. నాట్ ఫౌండ్ అని ఇంగ్లీషులో అంటే, ఎవరు వెతికారో చెప్పకుండా తప్పించుకోవచ్చు. తెలుగులో మనం 'మాకు' కనబడలేదు అందాం. ఎవరికి కనబడలేదో చెప్పినట్టవుతుంది. కాబట్టి నీ జాబితాలో ఉన్నదానికి తెలుగు, 'మేం చూడలేదు' అని."

కాసేపు మాట్లాడలేదు.

"అయితే అది నా గురించి కాదన్నమాట సార్."

"కాదు. ఇంకో నోటిఫికేషన్ పడింది, చూశావా?"

"చూశాను సార్. ఫీజు కట్టాలి."

"కట్టు. ఆ పాత ఇంటర్వ్యూకి ఎంతమందిని పిలిచారో అడుగుతూ ఆర్టీఐ కూడా ఈ వారమే వెయ్యి. ముసాయిదా నేను రాసి పంపిస్తా."

పంపించాను. మీలో ఎవరికి కావాలన్నా ఇస్తాను, అడగండి. మీ దగ్గరున్న ఎన్.ఎఫ్.ఎస్. జాబితాలు కూడా నాకు పంపండి. పట్టిక కడుతున్నాం.

వచ్చే భాగంలో పల్వంకర్ బాలూ గురించి, 1937 ఎన్నికల్లో ఆయన మన బాబాసాహెబ్ మీదే పోటీకి నిలబడ్డ కథ గురించి.

జై భీమ్.